చిన్న తెరచాప పడవలో పాత టాయిలెట్ తీసేసి ఏది పెట్టమంటారు?

వశిష్ఠ గట్టు

అందరికీ నమస్కారం. మాది నరసాపురం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఉంది. ముందు భాగంలో, పడుకునే బల్లల మధ్య, చేతి పంపు టాయిలెట్. నది నీళ్లు పీల్చుకుని, మలాన్ని తిరిగి నదిలోకే తోసేసే రకం. పంపు ఆపిన కాసేపటికే గిన్నెలోకి మురికి నీళ్లు వెనక్కి వస్తున్నాయి. క్యాబిన్ తలుపు తీస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన.

రిపేరు చేయించొచ్చు గానీ, నాకు ఆ పద్ధతే నచ్చడం లేదు. ఎండాకాలం ధవళేశ్వరం బ్యారేజీ దిగువన నదిలో పారే నీళ్లే తక్కువ. పోటు వచ్చిందంటే మనం వదిలిందంతా మళ్లీ రేవుకే చేరుతుంది. అదే రేవులో లంకల వాళ్లు స్నానాలు చేస్తారు, గేదెల్ని కడుగుతారు. అంతర్వేది తీర్థానికి వచ్చిన జనం సంగమంలో మునుగుతారు.

బకెట్ పెట్టుకుంటే చాలదా అని కొందరన్నారు. మగవాళ్లం ఎలాగో సర్దుకుంటాం. మా ఆవిడ, అత్తయ్యగారు మాత్రం పడవ ఎక్కే రోజు పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టరు. మిట్టమధ్యాహ్నం అత్తయ్యగారి పెదాలు ఎండిపోయి తెల్లగా కనిపిస్తుంటే నాకు మనసు మనసులో లేదు. వాళ్లిద్దరూ మొహమాటం లేకుండా వాడుకునేలా ఉండాలి. పోర్టబుల్‌దా, ట్యాంకుదా, కంపోస్ట్‌దా? ఖర్చు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

యానాం ఫిట్టర్

తమ్ముడూ, ముందు ఈ రోజే వెళ్లి, నీళ్లు పీల్చేది, మలాన్ని తోసేది, ఆ రెండు గొట్టాల అడుగున ఉన్న వాల్వులు కట్టెయ్యండి. నీళ్లు వెనక్కి వస్తున్నాయంటే పంపు చివర ఉండే రబ్బరు వాల్వు పోయినట్టే. గిన్నె అంచు నీటిమట్టం కంటే కిందకి ఉంటే, ఆ దారినే నది లోపలికి వస్తుంది. ఇలా మునిగిన పడవలు ఉన్నాయి.

ఆ వాసన చాలావరకు మలానిది కాదు. ఉప్పు కలిసిన నీటిలో ఉండే సూక్ష్మజీవులు పీల్చే గొట్టంలో చిక్కుకుని చచ్చి కుళ్లుతాయి. కోడిగుడ్ల వాసన అదే. గొట్టం పాతబడినా వాసన బయటికి ఊరుతుంది. పాత గుడ్డని వేడినీళ్లలో తడిపి గొట్టానికి చుట్టండి. చల్లారాక వాసన చూడండి. గుడ్డకి కంపు అంటిందంటే గొట్టం మార్చాల్సిందే.

ఇక ఏది కొనాలనేది. గిన్నె సంగతి తర్వాత, చివరికి అది ఎక్కడికి చేరుతుందో ముందు తేల్చుకోండి. నేను ఓడల్లో పనిచేసినవాణ్ణి. శుద్ధి చేయని మలాన్ని ఒడ్డుకి 12 నాటికల్ మైళ్లు దాటాకే, అదీ ఓడ కనీసం 4 నాట్ల వేగంతో పోతుండగానే వదలాలని మార్పోల్ నియమం, అంటే ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం. మన చిన్న పడవలకి ఆ నియమం వర్తించదు, కానీ సముద్రంలోనే అంత జాగ్రత్త పడుతుంటే, జనం మునిగే నదిలో వదలడానికి మనకి మనసెలా ఒప్పుతుంది?

నా మాట ట్యాంకు, అంటే మలం నదిలోకి పోకుండా పడవలోనే నిల్వ ఉండేది. మనం కాగితం మనుషులం కాదు, చెంబు మనుషులం. కడుక్కోవడానికి, గిన్నెలో పోయడానికి కలిపి మనిషికి ఒక్కోసారి రెండున్నర లీటర్లు వేసుకోండి. ముగ్గురు నాలుగేసి సార్లు వెళ్తే ముప్ఫై లీటర్లు. 60 లీటర్ల ట్యాంకైతే ఒక రాత్రి ఉన్నా ఇబ్బంది లేదు. పోర్టబుల్‌ది పెద్ద సైజులో కూడా కింది డబ్బా ఇరవై లీటర్ల చిల్లరే. నిండాక అంత బరువు పట్టుకుని బురద రేవులో దిగాలి, అత్తయ్యగారు చూస్తుండగా. వద్దు.

పాత గిన్నె, పంపు ఉంచుకోండి, లోపలి రబ్బర్లన్నీ మార్చండి. నది నీళ్లు మానేసి, పీల్చే గొట్టాన్ని మంచినీళ్ల క్యానులో పెట్టండి. ఆ క్యాను తాగే నీళ్లది కాకూడదు. ట్యాంకుకి గాలి గొట్టం అంగుళం లావుది, వంపుల్లేకుండా. గాలి బాగా ఆడితే కంపు పుట్టదు.

అంబాజీపేట కొబ్బరి

ఫిట్టర్ గారూ, కంపోస్ట్‌ని అంత తేలిగ్గా వదిలేయకండి. ఈ టాయిలెట్లలో వేసే పొట్టు మన కోనసీమలో పీచు ఫ్యాక్టరీల పక్కన గుట్టలుగా ఉంటుంది. టార్పాలిన్ మీద ఎండబెట్టి వేస్తే తడి పీల్చేసుకుంటుంది. మూత్రం ముందు డబ్బాలోకి, మలం వెనక డబ్బాలోకి పోతాయి. డబ్బా నిండాక తోటలో గోతిలో ఏడాది మాగనిచ్చి కొబ్బరి చెట్లకి వేసుకోవచ్చు.

యానాం ఫిట్టర్

పొట్టు సంగతి మీకంటే ఎవరికి తెలుసు! ఒంటరిగా తిరిగేవాడికైతే నేనూ అదే చెప్తాను. కానీ కడుక్కునే నీళ్లు వెనక డబ్బాలో పడితే పొట్టు ముద్దయి కంపు కొడుతుంది. తమిళనాడులో ముసిరి దగ్గర కట్టిన ఇలాంటి మరుగుదొడ్లలో కడుక్కోవడానికి వేరే చోటు పెట్టారు. నేల మీద అది బాగుంటుంది. ఊగే పడవలో పెద్దావిడని లేచి పక్కకి జరగమని ఎలా అంటాం?

పి.గన్నవరం అమ్మాయి

అన్నయ్యా, ఆడవాళ్ల తరఫున ఒక్క మాట. ఏది పెట్టినా తలుపుకి లోపల గడియ ఉండాలి. కర్టెన్ కట్టి సరిపెట్టకండి. పడవ పక్కకి ఒరిగినప్పుడు పట్టుకోవడానికి కూర్చున్న ఎత్తులో రెండు వైపులా కడ్డీలు పెట్టించండి. ప్యాడ్స్ కోసం మూత ఉన్న చిన్న డబ్బా గిన్నె పక్కనే ఉండాలి, పంపులో వేస్తే ఇరుక్కుపోతుంది. పంపు ఎలా కొట్టాలో అత్తయ్యగారికి రేవులోనే మీ ఆవిడ చేత చూపించండి, మీరు కాదు.

వశిష్ఠ గట్టు

అందరికీ ధన్యవాదాలు. వాల్వులు కట్టేశాను. ట్యాంకే పెడుతున్నాను, గడియ, కడ్డీలు కూడా. మా ఊళ్లో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది కాబట్టి సెప్టిక్ ట్యాంక్ లారీ అతన్ని రేవుకి రమ్మన్నాను, సరేనన్నాడు. అడుగున ఉన్న రెండు కన్నాలు ఏం చేయమంటారు బాబాయ్?

యానాం ఫిట్టర్

లారీ గొట్టం లావుగా ఉంటుంది, డెక్ మీద మీ ట్యాంకు మూతి ఒకటిన్నర అంగుళాలే. ముందే కొలిచి, ఆ రెండింటినీ కలిపే రెడ్యూసర్ చేయించి పడవలో పెట్టుకోండి.

కన్నాలకి బిరడాలు కొట్టి వదిలేయకండి. పడవని ఒడ్డుకి లాగి, పూర్తిగా ఆరనిచ్చి, కన్నం చుట్టూ ఏటవాలుగా గీకించండి. గోడ అర అంగుళం మందం ఉంటే చుట్టూ ఆరు అంగుళాల దాకా గీకాలి. ఆ పైన ఎపాక్సీ రెజిన్‌తో ఫైబర్ గ్లాస్ గుడ్డ పొర మీద పొర వేయించండి. చేప పడవలకి వాడే మామూలు రెజిన్ చాలంటారు, ఒప్పుకోకండి. నీళ్లలోకి దించిన రోజు లోపలి నుంచి టార్చి వేసి చూడండి. చెమ్మ కనిపిస్తే మళ్లీ ఒడ్డుకి లాగించండి.