పరిగెత్తించడమా, పరిగెత్తనివ్వడమా?

అమెరికా కళాశాల ఫుట్‌బాల్ మీద రాసే వ్యాసంలో "క్వార్టర్‌బ్యాక్ చేత పరిగెత్తించే కోచ్" అనవచ్చా అని ఒకరు అడిగారు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు దాడిలో బంతిని ముందుగా అందుకుని, దాన్ని విసరడమో మరొకరికి అందించడమో చేసే ఆటగాడు. పరిగెత్తు అకర్మక క్రియ కనుక ప్రేరణలో "క్వార్టర్‌బ్యాక్‌ను పరిగెత్తించు" అనాలి; "చేత" ఉంచదలిస్తే "క్వార్టర్‌బ్యాక్ చేత బంతి మోయించు" అనవచ్చు. అయితే ఇక్కడ విభక్తి కన్నా క్రియారూపం ముఖ్యమని నా అభిప్రాయం. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ మూడు విధాలుగా పరిగెత్తుతాడు. ఆ మూడింటికీ తెలుగులో మూడు రూపాలు సిద్ధంగా ఉన్నాయి.

బంతి కదలక ముందే "నువ్వే తీసుకుని పరిగెత్తు" అని కోచ్ నిర్ణయించి పంపితే అది పరిగెత్తించడం. 2006లో ఫ్లోరిడా కోచ్ అర్బన్ మేయర్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా క్రిస్ లీక్‌ను ఉంచుకుని, ఒకటి రెండు గజాలు తప్పనిసరిగా రావలసిన చోట దృఢకాయుడైన టిమ్ టీబోను దించేవాడు. మరుసటి ఏడు టీబో ప్రధాన ఆటగాడై, 32 టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడాలు) విసిరి, 23 తానే పరుగుతో సాధించి, ఆ ఏటి ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు.

రెండవది పరిగెత్తనివ్వడం. జోన్ రీడ్ అనే ఎత్తుగడ ఈ కోవలోనిది; దీన్ని "పరిగెత్తించడం" అని రాస్తే ఆ ఎత్తుగడ సారమే పోతుంది. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్‌కు (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడికి) అందించి పక్కకు తప్పుకుంటాడు కనుక, ప్రత్యర్థుల పదకొండు మందిని ఆపడానికి ఇటువైపు మనుషులు చాలరు. జోన్ రీడ్‌లో మాత్రం అంచున ఉన్న ఒక ప్రత్యర్థిని ఎవరూ అడ్డుకోకుండా కావాలనే వదిలేస్తారు. బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర ఉంచుతూనే క్వార్టర్‌బ్యాక్ ఆ ప్రత్యర్థిని గమనిస్తాడు. అతడు రన్నింగ్ బ్యాక్ మీదికి ఉరికితే బంతి వెనక్కి లాక్కుని అతడు ఖాళీ చేసిన చోటుకు తానే పరిగెత్తుతాడు, కదలక నిలిస్తే బంతి అందించేస్తాడు. ఎవరు పరిగెత్తాలన్నది కోచ్ చెప్పడు. ఆ క్షణంలో తేల్చుకునే అధికారాన్ని ఆటగాడికి ఇస్తాడు. "పరిగెత్తన్ + ఇచ్చు" అన్న మన కూర్పులోని "ఇచ్చు" ఆ అధికారాన్ని చక్కగా పలుకుతుంది.

ఇది పుట్టిన తీరు కూడా అలాంటిదే. 1990ల తొలినాళ్లలో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కళాశాలలో రిచ్ రోడ్రిగెజ్ కోచ్‌గా ఉండగా, అతని క్వార్టర్‌బ్యాక్ బంతిని సరిగా అందించలేకపోయి, అంచు ఆటగాడు లోపలికి ఉరకడం చూసి ఎవరూ చెప్పకుండానే బయటికి పరిగెత్తాడట. ఆ సంగతిని రోడ్రిగెజే చెప్పుకునేవాడు. తరువాత వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో పాట్ వైట్, స్టీవ్ స్లేటన్‌ల జోడీతో ఈ ఎత్తుగడను దేశమంతటికీ చూపించాడు. పాట్ వైట్ తన కళాశాల ఆటలో మొత్తం 4,480 గజాలు పరుగుతో సాధించాడు.

మూడవ దానికి కోచ్‌తో పని లేదు, క్వార్టర్‌బ్యాక్ తానే పరిగెత్తుతాడు. 2006 జనవరి 4న రోజ్ బౌల్ పోటీ చివర్లో టెక్సస్ ఆటగాడు విన్స్ యంగ్ బంతి విసరడానికని వెనక్కి జరిగి, దారి కనబడగానే 8 గజాలు పరిగెత్తి గెలుపు తెచ్చాడు.

జోన్ రీడ్ పేరులోని "రీడ్‌ను చదవడం అంటే చాలదా?" అని మరొకరు అడిగారు. మనం ముఖం చదువుతాం, మనసు చదువుతాం కనుక అది తప్పేమీ కాదు. కానీ చదవడంలో తీరిక ధ్వనిస్తుంది. పసిగట్టడంలో వాసన పట్టే అర్థం ఉంది. ఒకరి కదలికను కనిపెట్టడం అనడంలో చూపూ ఉంది, వెంటనే తెలుసుకోవడమూ ఉంది కనుక నేను దానినే ఎంచుకుంటాను.

అంకెలు రాసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. కళాశాల ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొడితే, పోయిన గజాలను అతని పరుగు లెక్కలోంచి తీసివేస్తారు. వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా చేయరు. కాబట్టి ఆ పట్టికలోని అంకెకు "పరుగు ఖాతాలోని గజాలు" అన్న మాట సరిపోతుంది గాని, "పరిగెత్తిన గజాలు" అంటే లెక్క తప్పుతుంది.