సమస్యాపూరణం: తన్ను తినెడివాడె ధన్యుడిలను

నిర్వాహకుడు, విజయవాడ:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి.

తన్ను తినెడివాడె ధన్యుడిలను

నిద్రలో కుదురుగా ఉండని పసివాళ్లను పక్కలో వేసుకుని పడుకోవడం గురించి రాయండి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే పొట్టి, పొడుగు అక్షరాల, అంటే లఘువు, గురువుల గుంపు; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇక్కడ 'త'కు 'ధ' చెల్లింది. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు కాబట్టి కొత్తవాళ్లూ ధైర్యంగా రండి. పురాణాలకు పోవద్దనను, కానీ పసివాడి కాలు మాత్రం పద్యంలో కనబడాలి.

సత్యనారాయణపురం మాష్టారు:
మౌని కాలఁ దన్న మాధవు నెదపైన
పాదమొత్తి హరియె పలుకరించె
నాగ్రహంబు లేక యర్చించెఁ గావున
తన్ను తినెడివాడె ధన్యుడిలను

కృష్ణలంక కోడలు:
మాష్టారూ, ధార చక్కగా ఉంది. ఒక్క సందేహం. భృగువు తన్నింది లక్ష్మీదేవి ఉండే చోట. స్వామి ఓర్చుకున్నారు గానీ ఆవిడ అలిగి కొల్హాపురం వెళ్లిపోయారు కదండీ. పైగా ఆ తన్నులో కోపం ఉంది, పరీక్ష ఉంది. నిద్రలో తన్నే బిడ్డకు రెండూ ఉండవు.

నిర్వాహకుడు:
నా మాటా అదే. సమస్య చూడగానే అందరికీ తట్టేది భృగువే. మాష్టారూ, మీ చేయి ఇంతకంటే పెద్దది, పసివాడి కాలు దొరికే కథ ఇంకోటి ఉంది కదా.

సత్యనారాయణపురం మాష్టారు:
సరే, పట్టుకున్నాను.

శకట మెగిరి కూలెఁ జక్రి పాదము సోకి
పసుల పల్లె యెల్ల పరువు లెత్తె
నసురునకును ముక్తి యా కాలి వేటుతో
తన్ను తినెడివాడె ధన్యుడిలను

నిర్వాహకుడు:
ఇదీ పూరణ! పక్క మీది పసి కృష్ణుడు కాలు ఝాడించాడు, బండి కూలింది, ఆ బండి రూపంలో వచ్చిన అసురుడు తరించాడు. నాలుగో పాదం అతికించినట్టు కాక దానంతటదే వచ్చింది.

కృష్ణలంక కోడలు:
మా వాడికి మూడేళ్లు. తల తూర్పుకు పెట్టి పడుకోబెడతాను. అర్ధరాత్రి దాటేసరికి అడ్డం తిరిగి, మడమ సరిగ్గా నా చివరి పక్కటెముక కింద ఆనిస్తాడు. మధ్యలో దిండు పెడితే దిండునూ తోసేస్తాడు.

అడ్డముగను దొర్లి యమ్మ డొక్కను దన్ను
నాన్న మెడను కాలు నాట్యమాడు
బిడ్డ లేని పడక బీడుభూమియె కాదె
తన్ను తినెడివాడె ధన్యుడిలను

గుంటూరు కొత్తపేట అక్క:
చెల్లీ, మొదటి రెండు పాదాలూ కళ్లకు కట్టాయి. మూడో దాని దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో పిల్లలు లేరు. ఆ మాట పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాల నోట విని విని ఉన్నాను. పద్యంలో కూడా వినాలా?

కృష్ణలంక కోడలు:
వద్దక్కా. ఆ పాదం తీసేస్తున్నాను. ఇలా చదవండి:

తెల్లవార నొదిగి తీయగా నవ్వును

నిర్వాహకుడు:
'తె'కు 'తీ' యతి చెల్లింది. అంతకంటే ముఖ్యం, పద్యం అర్ధరాత్రి మొదలై తెల్లవారికి చేరింది. మొదటి రూపంలో మూడో పాదం బిడ్డను వదిలేసి లోకానికి తీర్పు చెప్పబోయింది. ఇప్పుడు చివరిదాకా బిడ్డే ఉన్నాడు. అక్కగారు నొచ్చుకున్న మాట దాచుకోకుండా చెప్పారు, వారికి నమస్కారం.

గుంటూరు పిల్లల డాక్టరు:
పద్యం రాయడం నాకు రాదు, ఒక మాట మాత్రం చెబుతాను. రెండు మూడేళ్ల పిల్లలు నిద్రలో దొర్లడం మామూలే. నిద్ర ఒక దశ నుంచి ఇంకో దశకు మారేటప్పుడు సగం మెలకువ వచ్చి అటూ ఇటూ తిరుగుతారు. రాత్రంతా కాళ్లు ఝాడిస్తూ, పగలు చిరాకుగా, నీరసంగా ఉంటే మాత్రం ఒంట్లో ఇనుము తక్కువేమో రక్తపరీక్ష చేయించండి. ఏడాది నిండని పసికందును పెద్దల మంచం మీద మధ్యలో వేసుకోకండి, ఊపిరాడని ప్రమాదం ఉంది. అదే గదిలో పక్కనే వేరే పడక వేయండి.

బ్రాడీపేట తాతయ్య:
వేసవి సెలవులకు వచ్చిన మనుమడు బెంగళూరు రైలెక్కాడు. ఉన్నన్నాళ్లూ నా పక్కలోనే పడుకున్నాడు.

మనుమఁ డేగెఁ గాని మంచ మట్లే యుండె
నిదుర రాదు రేయి నెమ్మదిగను
వీపు మీఁదఁ జిన్ని వేళ్ళ తాకిడి లేదు
తన్ను తినెడివాడె ధన్యుడిలను

సత్యనారాయణపురం మాష్టారు:
మూడో పాదం చదివి చాలాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. అందరం తన్నులు తింటున్నవాళ్ల గురించి రాస్తే, మీరు అవి దొరకని మనిషిని చూపించారు. 'ధన్యుడు' అన్న మాటకు బరువు అక్కడే వచ్చింది.

నిర్వాహకుడు:
ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. రెండో పాదంలో 'నెమ్మదిగను' మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది. తాతగారూ, ఇంట్లో మామ్మగారు ఎలా ఉన్నారు?

బ్రాడీపేట తాతయ్య:
ఆ గదిలోకి రానంటోంది. హాల్లో చాప వేసుకుంది.

నిర్వాహకుడు:
అయితే అదే రాయండి.

బ్రాడీపేట తాతయ్య:
నిదుర రాక మామ్మ నేల నొరిగె

నిర్వాహకుడు:
ఇక ఒక్క అక్షరం కదపక్కర్లేదు.

మంగళగిరి కుర్రాడు:
నాకిది మొదటి పద్యం. తప్పులు చెప్పండి.

రోహిణెండ కుడికి రోజంత వాడినా
కరెంటు పోయి యొళ్ళు కమరిపోయె
నుక్కపోత యైన నొక్కటే చాపపై
తన్ను తినెడివాడె ధన్యుడిలను

నిర్వాహకుడు:
రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒకే చాప మీద పడుకోవడం మన ప్రాంతానిదే, బాగా పట్టావు నాయనా. 'కరెంటు' మాత్రం లఘువు, గురువు, లఘువు. అది సూర్యగణం కాదు. దాని ముందు ఒక గురువు పెట్టు, రెండు గణాలుగా విరిగి సర్దుకుంటుంది.

మంగళగిరి కుర్రాడు:
ఈ కరెంటు పోయె నింటి నిండ

కృష్ణలంక కోడలు:
'ఇంటి నిండ నుక్కపోత' అని కింది పాదంతో కూడా కలిసింది. భలే తమ్ముడూ!