పిల్లల మౌనానికి కారణం: బండూరా, రోటర్ సిద్ధాంతాలను ఎలా విడదీయాలి?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు పిల్లలకు సాయంత్రం పాఠాలు చెబుతూ, దూరవిద్య ద్వారా మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. వ్యక్తిత్వంపై వ్యాసం రాస్తుండగా వచ్చిన ఒక సందేహాన్ని విషయం తెలిసినవారు తీర్చగలరని మనవి.

మా దగ్గర చదివే ఒక అమ్మాయి తెలుగులో అనర్గళంగా మాట్లాడుతుంది గానీ, బడిలో ఒడియాలో ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా నోరు విప్పదు. ఆమెది బిడియపు స్వభావమని తేల్చేయడం సరికాదు. మనిషి గుణాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయన్న స్థిరగుణాల భావనను 1968లో ప్రశ్నించిన మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్, 1995లో యూఇచి షోడాతో కలిసి వివరించినట్లు, పరిస్థితిని బట్టి మారే ప్రవర్తనలోనే వ్యక్తికి ప్రత్యేకమైన ఒక నిలకడ ఉంటుంది. అంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కంతా కారణం దగ్గరే. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య విశ్వాసం (ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం) ప్రకారం, ‘నేను ఒడియాలో చెప్పగలను’ అన్న నమ్మకం ఆమెకు తక్కువై ఉండాలి. మరో మనస్తత్వవేత్త జూలియన్ రోటర్ 1954లో చెప్పినదాని ప్రకారమైతే, జవాబు చెప్పినా మెప్పు దక్కదన్న అంచనా కావచ్చు, లేదా ఆ మెప్పుకు ఆమె ఇచ్చే విలువే స్వల్పం కావచ్చు. బయటికి కనిపించేది మాత్రం మౌనమే. (ఫలితాలు తన చేతిలో ఉన్నాయా, బయటి శక్తుల చేతిలోనా అన్న నమ్మకాన్ని సూచించే రోటర్ ‘నియంత్రణ స్థానాన్నీ’ స్వీయ సామర్థ్యాన్నీ ఒకటే అన్నట్లు రాసే పరీక్షల గైడ్లు ఈ చిక్కును పెంచుతున్నాయని నా అభిప్రాయం.)

ప్రశ్నావళి లేకుండా, పరిశీలనతో, మాటామంతీతో ఈ కారణాలను విడదీయవచ్చా? తనలాంటి మరో తెలుగు పిల్ల తప్పులతోనే ఒడియాలో జవాబు చెప్పి మెప్పు పొందడం చూసి ఈమె మాట్లాడితే, లోపం నమ్మకంలోనే ఉందని నిర్ధారించవచ్చా, లేక ఆ దృశ్యం ఫలితంపై అంచనాను కూడా మార్చేస్తుందా?