మ్యాట్రిక్స్ మూడో భాగం: నిజంగా చెడ్డ ముగింపేనా?

పచ్చతెర:

2003 నవంబర్ 5న 'ది మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్' ప్రపంచమంతటా ఒకే క్షణంలో తెరమీదికి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఉదయం 6, లండన్‌లో మధ్యాహ్నం 2, టోక్యోలో రాత్రి 11. అంత హడావుడిగా వచ్చినా జనం పెదవి విరిచారు. అదే ఏడాది మేలో వచ్చిన రెండో భాగం 'రీలోడెడ్' సుమారు 74 కోట్ల డాలర్లు వసూలు చేస్తే, ఇది 43 కోట్ల దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ ఎవరిని కదిపినా అదే తీర్పు: మొదటిది అద్భుతం, రెండోది పర్వాలేదు, మూడోది చూడకపోయినా నష్టం లేదు.

ఈ తీర్పు తప్పని నా గట్టి నమ్మకం. కథ మొత్తం విప్పి మాట్లాడుతున్నాను కాబట్టి, చూడనివాళ్లు ముందు సినిమాలు చూసి రండి. గుర్తు కోసం: యంత్రాలు మనుషుల్ని గొట్టాల్లో పడుకోబెట్టి వాళ్ల మెదళ్లకు చూపించే ఉత్తుత్తి లోకమే మ్యాట్రిక్స్. దాన్నుంచి బయటపడి, మనుషుల రక్షకుడిగా నిలిచినవాడు నియో.

రెండో భాగం చివర్లో ఆర్కిటెక్ట్, అంటే మ్యాట్రిక్స్‌ను కట్టిన ప్రోగ్రామ్, నియోతో ఏం చెప్పాడు? నువ్వు మొదటివాడివి కాదు, ఆరోవాడివి. మీ నగరం జయాన్‌ను ఇప్పటికే ఐదుసార్లు నాశనం చేశాం. రక్షకుడు వస్తాడన్న ఆ జోస్యం కూడా మనుషుల్ని అదుపులో పెట్టడానికి అల్లిందే. అంటే 'హీరో వచ్చి యంత్రాల అంతు చూస్తాడు' అన్న కథ అక్కడితోనే చచ్చిపోయింది. జయాన్‌లో ఉన్నది రెండున్నర లక్షల మంది. మీదికి వస్తున్న సెంటినెల్ యంత్రాలు కూడా రెండున్నర లక్షలు, మనిషికొకటి లెక్కన. ఆ తర్వాత కూడా మనం గెలుపు కోసం ఎదురుచూశాం. సినిమా ఆ గెలుపు ఇవ్వలేదని కోప్పడ్డాం.

నియో ఏం చేశాడో చూడండి. కళ్లు పోయాయి, ప్రేమించిన ట్రినిటీ చనిపోయింది, చేతిలో ఆయుధం లేదు. ఆ స్థితిలో యంత్రాల నగరానికి నడిచి వెళ్లి బేరం పెట్టాడు: ఎదుటివాళ్లందరినీ తన కాపీలుగా మార్చేసుకుంటున్న మీ ప్రోగ్రామ్ స్మిత్ మీ చేయి కూడా దాటిపోయాడు, వాణ్ని నేను ఆపుతాను, బదులుగా నాకు శాంతి కావాలి. వేరే కోరికేమీ లేదు. ఆ ఒప్పందం మీదే మ్యాట్రిక్స్‌లోకి వెళ్లి, చివరికి ఎదురు తిరగడం ఆపేసి, స్మిత్‌ను తన మీదే కాపీ కానిచ్చాడు. అతని శరీరం యంత్రాలకు కలిపి ఉంది కాబట్టి, ఆ దారిలోనే స్మిత్ తుడిచిపెట్టుకుపోయాడు.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆర్కిటెక్ట్ గదిలో రెండు తలుపులుంటాయి. ఒకటి సోర్స్‌కి, అంటే యంత్రాల లోకానికి మూలమైన కేంద్రానికి. రెండోది ట్రినిటీని కాపాడుకోవడానికి. ముందు వచ్చిన ఐదుగురూ మొదటి తలుపే తీశారు. నియో రెండోది తీశాడు. మూడో భాగానికి వచ్చేసరికి ట్రినిటీ లేదు, అతను సోర్స్‌కే చేరాడు. కాకపోతే వాళ్లు చెప్పినందుకు వెళ్లలేదు, షరతు తను పెట్టి వెళ్లాడు. ఆర్కిటెక్ట్ కోరిన పనే చేశాడు, కానీ జయాన్ నిలబడింది. రెండు సినిమాల్నీ ఇంత పక్కాగా ముడివేసిన ముగింపును 'తొందరపాటు క్లైమాక్స్' అంటే నాకు మింగుడు పడదు.

మూడో గేటు:

పచ్చతెర గారూ, మీరు చెప్పింది ఒక ఆలోచనగా బాగుంది. కానీ మనం చూసింది సినిమా. తెర మీద రెండు గంటలకు పైగా ఏం జరిగిందో అది కదా మాట్లాడాలి.

మొదటి సినిమా చివరి సీన్ గుర్తు చేసుకోండి. నియో ఫోన్లో యంత్రాలతో మాట్లాడతాడు. మీరు దాచిందంతా ఈ జనానికి చూపిస్తాను, మీరు లేని ప్రపంచం చూపిస్తాను అంటాడు. అది విని హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుడికి ఇచ్చిన మాట అది. మూడో సినిమా ఆ మాట నిలబెట్టుకుందా? చివర్లో కోట్ల మంది ఇంకా ఆ గొట్టాల్లోనే పడుకుని ఉన్నారు. బయటికి రావాలనుకున్నవాళ్లను వదులుతామని ఆర్కిటెక్ట్ ఒక్క ముక్క చెబుతాడు, అంతే. లోపలున్నవాళ్లకు అసలు తాము లోపలున్నామనే తెలియదు. తెలియనివాడు బయటికి రావాలని ఎలా అనుకుంటాడు?

రెండోది జయాన్ యుద్ధం. సినిమా నడిమధ్యలో నియో, ట్రినిటీ దాదాపు కనబడరు. జయాన్ తరఫున పోరాడే మిఫూనే, కిడ్, జీ, కమాండర్ లాక్... వీళ్లలో చాలామంది మనకు సరిగ్గా పరిచయం కూడా కాలేదు. వాళ్లు ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే గ్రాఫిక్స్ బాగున్నాయనిపిస్తుంది తప్ప గుండె కదలదు. ఓడ నడిపే నయోబీ కథ తెలియాలంటే 'ఎంటర్ ద మ్యాట్రిక్స్' వీడియో గేమ్ ఆడాలి. యంత్రాలతో యుద్ధం ఎలా మొదలైందో తెలియాలంటే 'యానిమ్యాట్రిక్స్' కార్టూన్లు చూడాలి. టికెట్ కొన్నవాడికి ఇంత హోంవర్క్ పెట్టడం న్యాయం కాదు.

నీలిమేఘం:

గేటు గారి రెండో పాయింట్‌కి నా ఓటు. జయాన్ యుద్ధం వచ్చినప్పుడల్లా నేను ఫార్వర్డ్ చేస్తాను. కానీ ట్రినిటీ ఓడ మబ్బులు దాటి పైకి లేచే ఘట్టం మాత్రం వదలను. మూడు సినిమాల్లోనూ అసలైన ఆకాశాన్ని, అసలైన సూర్యుణ్ని కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. పక్కనే ఉన్న నియోకి చూపు లేదు. మళ్లీ ఓడ కిందికి పడిపోతుంది. ఆ కొన్ని సెకన్లు చాలు నాకు. ఆ తర్వాత ఆమె చనిపోయే సీన్ మాత్రం బాగా సాగదీశారు. అన్ని ఇనుప కడ్డీలు ఒంట్లో దిగిన మనిషి అంతసేపు మాట్లాడటం నమ్మలేకపోయాను.

నాకో సందేహం. మ్యాట్రిక్స్ లోపల నియోకి శక్తులుండటం సరే. రెండో భాగం చివర్లో బయటి లోకంలో కూడా చేయి చాపి సెంటినెల్స్‌ను ఆపేస్తాడు కదా, అదెలా? చాలామంది 'బయటిది కూడా ఇంకో మ్యాట్రిక్సే' అని ఊహించారు. మూడో భాగం అది తేల్చకుండా వదిలేసిందనే నాకు ఎక్కువ కోపం.

పచ్చతెర:

నీలిమేఘం గారూ, తేల్చింది. జోస్యం చెప్పే ప్రోగ్రామ్ ఒరాకిల్ చెబుతుంది, నియో శక్తి ఈ లోకంతో ఆగదని, సోర్స్ దాకా పోతుందని. అక్కడ ఒక్క వాక్యమే ఉండటంతో జారిపోతుంది, నిజమే. కానీ సినిమా దాన్ని చేతల్లో రుజువు చేసింది. బయటి లోకంలో నియో ఆపగలిగినవి యంత్రాలను మాత్రమే. బేన్ అనే మనిషి మీదపడితే మామూలు మనిషిలాగే తన్నులు తిన్నాడు, కళ్లు పోగొట్టుకున్నాడు. అదంతా ఇంకో మ్యాట్రిక్స్ అయితే బేన్‌ను గాల్లోకి విసిరేసేవాడు కదా! కళ్లు పోయాక ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అతనికి కనిపించేది బేన్ ముఖం కాదు, లోపల దూరిన స్మిత్ మంట. యంత్రాల నగరమంతా బంగారు వెలుగులా కనిపిస్తుంది. ఓడ గోడలు కనబడవు, ట్రినిటీ ముఖం కనబడదు, ఆమెను చేత్తో తడిమి చూసుకుంటాడు. అంటే అతనికి అందేది యంత్రాల సంకేతం మాత్రమే. ఆ నియమాన్ని సినిమా ఎక్కడా తప్పలేదు.

గేటు గారూ, అందరినీ విడిపించడం గురించి. అలా కుదరదని, నియోను బయటికి తెచ్చిన మార్ఫియస్ మొదటి సినిమాలోనే చెప్పాడు: వీళ్లలో చాలామంది బయటికి రావడానికి సిద్ధంగా లేరు, ఈ వ్యవస్థను కాపాడటానికి పోరాడతారు కూడా అని. అతని జట్టులోని సైఫర్ అయితే నిజం తెలిశాక కూడా వెనక్కి పోతానని తోటివాళ్లను అమ్మేశాడు. అదీ కాక, కోట్ల మందిని ఒక్కసారిగా లేపితే ఎక్కడ పెడతారు? పైన సూర్యుడు లేడు, పంట లేదు. ఆకాశాన్ని తగలబెట్టింది యంత్రాలు కాదు, మనుషులే, అది కూడా మార్ఫియస్ మొదటి సినిమాలోనే చెప్పాడు. ఫోన్లో మాట కూడా పూర్తిగా చూడండి. ఇక్కణ్నుంచి ఎటు వెళ్దామో మీరే ఎంచుకోండని యంత్రాలకే వదిలేస్తాడు. మూడో సినిమాలో అవి ఎంచుకున్నాయి.

జయాన్ యుద్ధం పొడుగెక్కువే. కానీ తీసేయలేం. 'హ్యామర్' ఓడ లోపలికొచ్చి విద్యుదయస్కాంత పేలుడు జరిపినప్పుడు శత్రువులతో పాటు మనుషుల ఆయుధాలూ చచ్చిపోయాయి. కమాండర్ లాక్ మండిపడేది అందుకే. ఆ క్షణం నుంచి తుపాకీతో గెలిచే దారి జయాన్‌కు పూర్తిగా మూసుకుపోయింది. అది చూపించకపోతే, నియో సంధికి వెళ్లడం పిరికితనంలా కనిపించేది.

శబ్దగ్రాహి:

ఇంతసేపు సంగీతం ఊసే ఎత్తలేదు ఎవరూ. డాన్ డేవిస్, జూనో రియాక్టర్ కలిసి చేసిన పని వినండి. నియో, స్మిత్‌ల చివరి పోరాటం వెనక కోరస్ పాడేది సంస్కృతం. బృహదారణ్యకోపనిషత్తులోని 'అసతోమా సద్గమయ'. ఎండ్ టైటిల్స్‌లో వచ్చే 'నవరస్' పాటలో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మనలో చాలామంది బడిలో ప్రార్థనగా చదువుకున్న శ్లోకం. అబద్ధం నుంచి సత్యానికి, చీకటి నుంచి వెలుగుకు, చావు నుంచి అమృతత్వానికి. పోరాటం ఆపేసి తనను తాను వదులుకున్నవాడి సీన్‌కు అంతకంటే తగిన మాటలు ఏముంటాయి? మొదట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మూడో గేటు:

శబ్దగ్రాహి గారూ, నాకూ ఆ పాట ఇష్టమే. కానీ ఆ వానలో, ఆ ఉరుముల్లో, ఆ కోరస్ మాటలు హాల్లో కూర్చున్నవాడికి వినిపించవు. మనకు ఆ శ్లోకం ముందే వచ్చు కాబట్టి పట్టుకోగలిగాం. అర్థం సినిమాలో ఉండాలి, ఆల్బమ్‌లో కాదు.

యంత్రాలు మాట మీద నిలబడతాయని ఎలా నమ్మాలో కూడా చెప్పండి. మూడు సినిమాలు వాటిని రాక్షసుల్లా చూపించి, ఒక్క సీన్‌లో నమ్మమంటే ఎలా?

పచ్చతెర:

ఒక్క సీన్‌లో కాదండీ. మూడో భాగం మొదట్లోనే ఒక రైల్వే స్టేషన్ ఘట్టం వస్తుంది. అక్కడ నియోకి ఒక కుటుంబం ఎదురవుతుంది. తండ్రి విద్యుత్ కేంద్రంలో పనిచేసే ప్రోగ్రామ్, తల్లి కమల సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామ్, కూతురు సతి. ఆ పిల్ల పుట్టుకకు 'ప్రయోజనం' లేదు. యంత్రాల లోకంలో ప్రయోజనం లేనిదాన్ని చెరిపేస్తారు. అందుకని వాళ్లు దొంగ రవాణా నడిపే మెరోవింజియన్ అనే ప్రోగ్రామ్‌తో బేరమాడి పిల్లను దొంగచాటుగా మ్యాట్రిక్స్‌లోకి పంపుతున్నారు. ఒక ప్రోగ్రామ్ నోట ప్రేమ అన్న మాట విని నియో ఆశ్చర్యపోతాడు. అప్పటిదాకా రక్షకుడి బుర్రలో కూడా యంత్రాలంటే శత్రువులే. మారేది అక్కడే. ఆ సీన్ 'బోర్' అని తీసిపారేసినవాళ్లకు చివరి సంధి హఠాత్తుగా అనిపించడంలో వింత లేదు. సినిమా చివర్లో సూర్యోదయాన్ని తయారుచేసి నియోకి అంకితం ఇచ్చేది కూడా ఆ సతే.

ఒరాకిల్‌గా వేసిన గ్లోరియా ఫాస్టర్ 2001లో చిత్రీకరణ మధ్యలోనే కన్నుమూసింది. ఈ భాగంలో మేరీ ఆలిస్ వచ్చింది. ఆ ముఖం మారడాన్ని దాచకుండా, సతి కుటుంబానికి చేసిన సాయానికి ఒరాకిల్ చెల్లించిన మూల్యంగా కథలోనే కలిపేశారు. నటి చావు వల్ల వచ్చిపడ్డ కష్టాన్ని ఇంత గౌరవంగా కథలోకి తెచ్చుకున్న సినిమాలు అరుదు.

శబ్దగ్రాహి:

ఈ గొడవ కొత్తది కాదని చెప్పడానికి ఒక విషయం. 2004లో మూడు సినిమాలనూ కలిపి వేసిన డీవీడీ సెట్‌లో ప్రతి సినిమాకూ రెండు వ్యాఖ్యానాలు పెట్టారు. ఒకటి సినిమాలను మెచ్చిన తత్వవేత్తలు కార్నెల్ వెస్ట్, కెన్ విల్బర్‌లది. రెండోది ముగ్గురు విమర్శకులది, వాళ్లకు ఈ చివరి భాగాలు నచ్చలేదు. తమను తిట్టేవాళ్ల గొంతు తమ డిస్క్ మీదే వినిపించారు ఈ సినిమాల దర్శకులు. రెండూ వరసగా వినండి, ఇక్కడ మీ ఇద్దరూ అంటున్నవి చాలా వరకు అక్కడ ఉన్నాయి.

నీలిమేఘం:

2021లో నాలుగోది వచ్చింది కదా, 'రెసరెక్షన్స్'. నియోని, ట్రినిటీని మళ్లీ బతికించారు. అప్పుడు మూడోదాంట్లో చేసిన త్యాగానికి విలువేముంది?

పచ్చతెర:

నాకూ వాళ్లను లేపడం నచ్చలేదు. కానీ నాలుగో భాగం ఒక మేలు చేసింది. ఆ శాంతి ఉత్తదే కాదని చూపించింది. కరెంటు చాలక యంత్రాలు తమలో తాము కొట్టుకున్నాయి, కొన్ని మనుషుల వైపు వచ్చేశాయి, అయో అనే నగరంలో మనుషులూ యంత్రాలూ కలిసి బతుకుతున్నారు. నియో బేరం పెట్టకపోతే ఆ నగరమే లేదు. సతి పెద్దదై అందులో కూడా వస్తుంది, ప్రియాంకా చోప్రా వేసింది.

మూడో గేటు:

సతి గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను, ఆ సీన్ మళ్లీ చూస్తాను. కానీ మార్ఫియస్ సంగతేంటి? మొదటి సినిమాను భుజాన మోసినవాడు. నమ్మిన జోస్యం అబద్ధమని తేలాక అతని మనసులో ఏం జరిగిందో కదా ఈ కథకు అసలు ముడి. మూడో భాగంలో నయోబీ పక్కన కూర్చుని మీటలు నొక్కుతాడు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

పచ్చతెర:

లేదు. చివర్లో సెంటినెల్స్ వెనక్కి మళ్లినప్పుడు, ఇది నిజమేనా అని అడుగుతాడు. లారెన్స్ ఫిష్‌బర్న్ ఆ ఒక్క ప్రశ్నలోనే చాలా చెప్పాడు. అయినా ఆ పాత్రకు అది చాలదు. నమ్మకం పోయాక కూడా ఎందుకు పోరాడాడో చెప్పే ఒక్క సీన్, యుద్ధంలోంచి ఐదు నిమిషాలు కోసైనా పెట్టాల్సింది. పైగా 2005లో వచ్చిన ఆన్‌లైన్ గేమ్‌లో అతన్ని చంపేశారు. అంతటి పాత్ర చావు గేమ్ ఆడినవాళ్లకే తెలిసింది.