ఆరో వేలికీ రేచీకటికీ సంబంధం ఉంటుందా? ఉంటుందట

కర్నూలు_అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు రెండు కాళ్లకీ ఆరేసి వేళ్లు, అదృష్టమని మా అత్త ఊరంతా చెప్పుకుంది, చెప్పులు పట్టడం లేదని రెండో ఏట తీయించేసి ఇక ఆ సంగతే మరిచిపోయాం. పోయిన ఎండాకాలం మిద్దె మీద అన్నాలు తింటుంటే కరెంటు పోయింది. మిగతా పిల్లలు వెన్నెల్లో చకచకా మెట్లు దిగిపోయారు, వీడు లేచి నేరుగా పప్పుగిన్నెలో కాలు పెట్టాడు. వీపు మీద ఒకటి వేశాను కూడా, తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఇక్కడ విటమిన్ ఎ రాసిచ్చారు, మూడు నెలలైనా మార్పు లేదు. హైదరాబాద్‌లో రెటీనా (కంటి లోపల వెనక పొర) చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది వేళ్ల గురించే! ఈఆర్‌జీ (రెటీనా వెలుగుకి ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష), జన్యు పరీక్ష అయ్యాక బార్డెట్ బీడిల్ సిండ్రోమ్ అన్నారు, ఆరో వేలూ రేచీకటీ రెండూ తెచ్చే జన్యు జబ్బట. బజ్జీలు తిని లావెక్కుతున్నాడని తిట్టేవాళ్లం, ఆ లావు కూడా ఇందులో భాగమేనట.

అనంతపురం_నాన్న:
అక్కా, మేమూ అంతే. మా పాపకి అద్దాల నంబరు ఊరికే మారిపోతుంటే ఫోన్ దాచేశాం. తీరా చూస్తే కంట్లో లెన్స్ పైకి జారింది, మార్ఫాన్ సిండ్రోమ్ అట, మనిషి పొడుగ్గా పెరిగే, కళ్లనీ గుండెనీ దెబ్బతీసే జన్యు జబ్బు. ఆపరేషన్‌కి ముందు రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎంతుందో పరీక్ష కూడా చేశారు, ఎందుకంటే అది పేరుకుపోయే హోమోసిస్టినూరియా అనే జబ్బులోనూ లెన్స్ జారుతుంది, అందులో మత్తిచ్చేటప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు ఏటా గుండెకి ఎకో.

కడప_టీచర్:
మేడమ్, ఈ జబ్బు కిడ్నీలనీ దెబ్బతీయొచ్చు, బాబుకి కిడ్నీ పరీక్షలు, బీపీ వదలొద్దు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతవరకు కనపడుతుందో చూసే పరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లండి. ఇలాంటి పిల్లలు చార్టు మీద అక్షరాలు గడగడా చదివేస్తారు, పక్కన ఏముందో కనపడదు. వైకల్యం 40 శాతం అని వస్తే స్కూలు పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనం.

కర్నూలు_అమ్మ:
మాది మేనరికం. అందరూ అదే ఎత్తిపొడుస్తున్నారు.

అనంతపురం_నాన్న:
మాది బయటి సంబంధమే అక్కా. పాపకి వచ్చింది నా నుంచే, ఆరడుగుల రెండంగుళాలు ఉన్నానని మురిసిపోయేవాణ్ణి!

కడప_టీచర్:
మేనరికంలో ఛాన్సు పెరిగే మాట నిజమే. మీ బాబు జబ్బు అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వస్తుంది, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు. మళ్లీ బిడ్డని అనుకుంటే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి. తిట్టేవాళ్లని వదిలేయండి.

కర్నూలు_అమ్మ:
వాట్సాప్‌లో జీన్ థెరపీ అని, లోపమున్న జన్యువుకి బదులు మంచిది కంట్లోకి ఎక్కించే వైద్యమట, ఒకటి తిరుగుతోంది?

కడప_టీచర్:
2017లో అమెరికాలో ఆమోదించినదైతే ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం వల్ల చూపు పోయేవాళ్లకి మాత్రమే. మీ రిపోర్టులో ఏ జన్యువు రాశారు?

కర్నూలు_అమ్మ:
బీబీఎస్1 అని ఉంది. సరేలెండి. మిద్దె మెట్ల అంచులకి తెల్ల పెయింట్ వేశాం. వేసింది మా అత్తే.