వయసు పెరిగితే లూసిడ్ డ్రీమ్స్ పోతాయా, మనమే పోగొట్టుకుంటున్నామా?

సర్జాపూర్ శీను:
కల నడుస్తుండగానే ఇది కలే అని తెలిసిపోవడం, అదే లూసిడ్ డ్రీమ్, చిన్నప్పుడు నాకు తెగ వచ్చేవి. ఎవరో తరుముతుంటారు, ఠక్కున తెలిసిపోయేది, ఆగి వెనక్కి తిరిగేవాణ్ణి, లేకపోతే మేడ మీంచి అలా గాల్లోకి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నలభై దాటాయి. ఆఫీసులో ఈ టాపిక్ వస్తే అందరిదీ ఒకటే మాట, అవన్నీ కాలేజీతో సరి, వయసొచ్చాక రావు అని. నేను ఒప్పుకోను. తెల్లవారుజాము నిద్ర పోయింది, దాంతోపాటు ఇవీ పోయాయి, అంతే. కలలు ఎక్కువొచ్చే ఆర్ఈఎం స్లీప్ దాదాపు తొంభై నిమిషాలకోసారి వస్తుంది, మొదటిసారి కొద్ది నిమిషాలే, తెల్లారే కొద్దీ పెరుగుతూ పోయి చివర్లో అరగంట కూడా దాటుతుంది. రాత్రి పన్నెండుకి పడుకుని పిల్లల స్కూల్ బస్సు కోసమో, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ తప్పించుకోడానికో ఐదున్నరకి లేస్తే కట్ అయ్యేది సరిగ్గా ఆ ముక్కే కదా. సంక్రాంతికి ఒంగోలు పోయి అలారం లేకుండా పడుకుంటే నాకు ఇప్పటికీ వస్తాయి, బెంగళూరు తిరిగొచ్చాక రావు. వారంలో నా వయసేం మారిపోలేదుగా.

బనశంకరి పద్మ:
శీను గారూ, మీ నిద్ర సంగతి నిజమే, కానీ వయసుకి సంబంధమే లేదంటే ఎలాగండీ. ఉర్సులా వోస్ అనే సైంటిస్ట్ టీమ్ 6 నుంచి 19 ఏళ్ళ పిల్లల్ని ఏడొందల మంది దాకా అడిగి 2012లో పేపర్ వేశారు. చిన్నపిల్లల్లో బాగా ఎక్కువ, పదహారు దగ్గరకొచ్చేసరికి తగ్గిపోతోంది. ఆ ఆరేళ్ళ పిల్లలెవరూ టెక్నిక్స్ చదువుకుని ప్రాక్టీస్ చేసినవాళ్ళు కాదు, వాటంతటవే వచ్చాయి. మామూలు కలలో మెదడు ముందుభాగం, అంటే మనల్ని మనం గమనించుకునే భాగం, చాలావరకు మందగించి ఉంటుంది, లూసిడ్ డ్రీమ్‌లో అది కొంత లేస్తుంది. మెదడు ఇంకా తయారవుతున్న వయసులో ఇలా సగం నిద్ర సగం మెలకువ అవడం తేలిక, పెద్దయ్యాక ఆ సర్క్యూట్లు సెటిలైపోతాయి అని వాళ్ళ వివరణ. నాకది సబబుగానే అనిపిస్తోంది.

సర్జాపూర్ శీను:
పదహారంటే ఏంటండీ, మన దగ్గర ఇంటర్. హాస్టల్లో ఐదింటికి విజిల్ వేసి స్టడీ అవర్‌కి కూర్చోబెట్టేవాళ్ళు, ఇంక కలలెక్కడివి.

బనశంకరి పద్మ:
వాళ్ళు అడిగింది యూరప్ పిల్లల్నండీ, అక్కడ మన ఇంటర్ హాస్టళ్ళు లేవు.

సర్జాపూర్ శీను:
హాస్టల్ లేకపోయినా స్కూల్ బెల్ ఉందిగా. టీనేజ్‌లో బాడీ క్లాక్ వెనక్కి జరుగుతుంది, ఏ దేశం పిల్లలైనా రాత్రి లేటుగానే నిద్ర పడుతుంది, పొద్దున బెల్ మాత్రం లేటవదు. కాబట్టి ఆ తగ్గడం కూడా ఎంత మెదడు వల్లో ఎంత నిద్ర వల్లో విడదీయాలి, విడదీయకుండా వయసు మీదకి తోసేస్తే నేను ఒప్పుకోను.

ఈసిటీ కుర్రాడు:
అన్నా అసలు ఇవి నిజంగా ఉంటాయా? సగం మెలకువలో ఏదో ఊహించుకుని తర్వాత కలలో తెలిసింది అంటున్నారేమో, రుజువేంటి?

బనశంకరి పద్మ:
రుజువు ఎప్పుడో 1975లోనే దొరికింది తమ్ముడూ. ఇంగ్లండ్‌లో హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే ఆయన ల్యాబ్‌లో అలన్ వర్స్‌లీ అనే అతను నిద్రపోతూ, కలలో తెలియగానే కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పాడు, ముందే అలా అనుకున్నారు. ఒళ్ళంతా బిగుసుకుపోయినా ఆర్ఈఎంలో కళ్ళు కదులుతాయి కాబట్టి అది మెషీన్‌లో పడింది, మెదడు రికార్డింగ్ చూస్తే మాత్రం నిద్రే. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ కూడా విడిగా చూపించాడు. 2021లో అయితే ఇంకో మెట్టు ఎక్కారు, నిద్రలో ఉన్న మనిషిని ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అని అడిగితే కళ్ళు రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు.

జయనగర్ టీచరమ్మ:
మీ వాదన చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను రిటైరైన టీచర్ని, అరవై దాటాయి. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, ఆ ఏళ్ళన్నీ ఒక్కటీ రాలేదు, కల వచ్చినా లేచి స్టవ్ దగ్గరకి వెళ్ళేలోపు మర్చిపోయేదాన్ని. రిటైరయ్యాక మళ్ళీ మొదలయ్యాయి. అయితే చిన్నప్పటిలా కాదు, అప్పుడు కల అని తెలిస్తే చాలు అది చేద్దాం ఇది చేద్దాం అని ఆరాటం. ఇప్పుడు అమ్మ కనిపిస్తుంది, అమ్మ లేదని తెలుసు, ఇది కలని తెలుసు, అయినా ఏమీ మార్చాలనిపించదు, ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఎవరి పెళ్ళి కబుర్లో చెప్తుంటే పక్కన కూర్చుని వింటాను, గట్టిగా పట్టుకోబోతే మెలకువ వచ్చేస్తుందని భయం కూడా. శీనూ, నువ్వు తగ్గాయా పెరిగాయా అని లెక్క చూస్తున్నావు, నాకైతే రకమే మారింది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? రోజూ కాసేపు ధ్యానం చేస్తాను, అందువల్లే వచ్చాయో, పొద్దున ఎవరూ లేపకపోవడం వల్లో నాకు తెలీదు నాయనా.

బనశంకరి పద్మ:
టీచర్ గారూ, ఎంత బాగా చెప్పారండీ. ధ్యానం అన్నారు కాబట్టి, మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళే విపశ్యన ధ్యానం చేసేవాళ్ళ నిద్ర రికార్డ్ చేసి 2010లో ప్రచురించారు, వేర్వేరు వయసుల వాళ్ళలో కూడా గాఢనిద్ర, ఆర్ఈఎం రెండూ చేయనివాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నాయని. వాళ్ళు చూసింది నిద్రనే, లూసిడ్ డ్రీమ్స్‌ని కాదు, కానీ మీ విషయంలో ఆలోచించాల్సిందే.

ఈసిటీ కుర్రాడు:
మరి ఇవి రావాలంటే ఐదు గంటలు పడుకుని అలారంతో లేచి, కాసేపు మేలుకుని, ఈసారి కలలో గుర్తుపడతాను అనుకుంటూ మళ్ళీ పడుకోమంటున్నారుగా, ట్రై చెయ్యనా?

సర్జాపూర్ శీను:
అది పనిచేసేదే తెల్లవారుజాము ఆర్ఈఎం వల్ల, నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. సెలవు రోజు చెయ్యి, మళ్ళీ పడుకోడానికి టైం ఉండాలి. వారం రోజులూ ఐదు గంటలే పడుకునేవాడు మధ్యలో ఇంకో అలారం పెడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. పద్మ గారూ, నలభై దాటి, ఎనిమిది గంటలు పడుకుంటూ, చిన్నప్పుడు వచ్చినవి ఇప్పుడు అస్సలు రానివాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే రాయమనండి, అప్పుడు మీ మాట వింటా.

కేఆర్ పురం కోడలు:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా మామయ్య గారికి అరవై ఐదు, నిద్రలో అరుస్తారు, కాళ్ళు విసురుతారు, మొన్న అత్తయ్యకి తగిలింది కూడా. లేపితే ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కల వచ్చిందంటారు. వయసొస్తే కలలు ఇలా అవుతాయా, ఇదీ లూసిడ్ డ్రీమేనా?

బనశంకరి పద్మ:
కాదండీ, ఇది పూర్తిగా వేరు, మిగతా చర్చ పక్కనపెట్టి ముందు ఇది చూడండి. మామూలుగా ఆర్ఈఎంలో ఒంటి కండరాలు లాక్ అయిపోతాయి, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. ఆ లాక్ సరిగ్గా పడకపోతే కలలో చేసేది ఒంటితో చేసేస్తారు, యాభై దాటిన మగవాళ్ళలో ఎక్కువ. వీళ్ళలో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత పార్కిన్సన్స్ లాంటివి బయటపడతాయి కాబట్టి వయసుకి వచ్చిందిలే అని వదిలెయ్యకూడదు. న్యూరాలజిస్ట్‌కి చూపించండి, రాత్రంతా వైర్లు పెట్టి స్లీప్ స్టడీ చేస్తారు. ఆయన వాడే మాత్రలన్నీ రాసుకుని వెళ్ళండి, కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా ఇలా అవుతుంది. అప్పటిదాకా అత్తయ్య గారిని వేరే మంచం మీద పడుకోమనండి, మామయ్య గారి మంచం పక్కన గాజు గ్లాసులు, స్టూళ్ళు లేకుండా తీసెయ్యండి.