టర్బో పోయిందా, సెన్సరా? పీ0236 కోడ్ వస్తోంది, పికప్ లేదు

ప్రశ్న:
నాది టర్బో డీజిల్ కారు. రెండు వారాలుగా ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి పికప్ పడిపోతోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 2,500 ఆర్‌పీఎం దాటదు, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే పోతుంది. కాసేపటికి మళ్లీ అదే కథ. చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ ఇచ్చే లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టి చూస్తే పీ0236 వచ్చింది. మెకానిక్ టర్బో మార్చాలంటున్నాడు. ఇంకొకాయన సెన్సర్ మారిస్తే చాలన్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:
ప్రస్తుతానికి ఎవరి మాటా వినకండి. పీ0236 అంటే టర్బో పోయిందని కాదు, సెన్సర్ పాడైందనీ కాదు. బూస్ట్ ప్రెజర్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) సెన్సర్ నుంచి వస్తున్న లెక్క నమ్మేలా లేదని కంప్యూటర్ అంటోంది, అంతే. అందుకే ఇంజన్‌ను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తోంది. లెక్క సెన్సర్ దగ్గరే తప్పిందా, వైర్లో వచ్చేటప్పుడు తప్పిందా అన్నది మనమే తేల్చుకోవాలి.

దీనికి స్పానర్ కూడా అక్కర్లేదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేయండి, స్టార్ట్ మాత్రం చేయకండి. స్కానర్ లైవ్ డేటాలో మ్యానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజన్‌లోకి గాలి పోయే పైపులో ఒత్తిడి, ఈ సెన్సర్ చెప్పేది ఇదే), బారోమెట్రిక్ ప్రెజర్ (బయటి గాలి ఒత్తిడి) రెండూ చూడండి. ఇంజన్ తిరగనప్పుడు పైపు లోపలా బయటా ఉన్నది ఒకే గాలి. కాబట్టి రెండు అంకెలూ దాదాపు ఒకటే రావాలి. రెండు మూడు కిలోపాస్కల్స్ తేడా ఉంటే పట్టించుకోకండి.

ప్రశ్న వేసినవారు:
చూశాను సార్. మ్యానిఫోల్డ్ 120, బారోమెట్రిక్ 100. అసలు ఇంజన్ ఆగి ఉంటే సున్నా రావాలి కదా? రెండూ తప్పేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:
టెన్షన్ పడకండి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. స్కానర్ చూపేది శూన్యం నుంచి కొలిచిన ఒత్తిడి. సముద్ర మట్టం దగ్గర మామూలు గాలే 101 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది, ఎత్తు ప్రాంతాలకు పోయేకొద్దీ తగ్గుతుంది. టైరు గేజీ అయితే ఆ మామూలు గాలిని సున్నా అనుకుని, దాని పైన ఉన్నదే చూపిస్తుంది. స్కానర్‌లో 200 కనిపిస్తే టర్బో ఇస్తున్నది అందులో సగమే, అంటే సుమారు ఒక బార్ (100 కిలోపాస్కల్స్).

కాబట్టి మీ 100 సరైనదే. తప్పు ఆ 120లో ఉంది. టర్బో తిరగకుండానే 20 ఎక్కువ వచ్చింది కాబట్టి ఈ కోడ్ విషయంలో టర్బోను అనుమానించక్కర్లేదు.

ఇంకొకరి జవాబు:
అన్నా, నాకూ పికప్ ఇలాగే పడిపోయింది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్ చీలి ఉంది, మార్చాక సరిపోయింది. ముందు హోస్ పైపులు చూడండి.

జవాబు:
హోస్ చూడటంలో తప్పు లేదు బ్రదర్, కానీ ఇక్కడ లక్షణం వేరు. హోస్ చీలితే టర్బో తోసిన గాలి బయటికి పోతుంది. అప్పుడు సాధారణంగా పీ0299 (బూస్ట్ తక్కువైందనే కోడ్) వస్తుంది, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దమూ వినిపించవచ్చు. వేరియబుల్ టర్బోలో (లోపలి రెక్కలు కదిలే రకం) మసికి రెక్కలు పట్టేసినా బూస్ట్ తప్పుతుంది. కానీ ఆగి ఉన్న ఇంజన్‌లో హోస్ చీలినా లెక్క మారదు.

ఇక సెన్సర్ విప్పి చూడండి. డీజిల్ బండ్లలో ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) మసి, ఆయిల్ ఆవిరి కలిసి దాని రంధ్రంలో జిగురుగా పేరుకుంటాయి. సెన్సర్లకు పనికొచ్చే క్లీనర్ స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. పిన్నుతో మాత్రం పొడవకండి, లోపలి పొర చిరిగితే సెన్సర్ నిజంగానే పోతుంది.

ప్రశ్న వేసినవారు:
మసి బాగానే ఉంది. శుభ్రం చేశాను, అయినా 119. ఇక కొత్తది కొనేయనా?

జవాబు:
ఒక్క పది నిమిషాలు ఆగండి, మల్టీమీటర్ ఉంటే చాలు. కనెక్టర్ తగిలించే ఉంచి, తాళం ఆన్ చేసి, వెనకవైపు నుంచి సన్నటి ప్రోబ్‌తో కొలవండి. చాలా బండ్లలో ఒక వైరు 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. నాలుగో వైరు ఉంటే అది సాధారణంగా గాలి ఉష్ణోగ్రతది. ఏది ఏదో మీ మోడల్ వైరింగ్ బొమ్మలో చూసుకోండి.

ఎక్కువమంది 5 వోల్టులు రాగానే వైరింగ్ బాగుందనేసి ఎర్త్ కొలవడం మర్చిపోతారు. సెన్సర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య దాదాపు సున్నా రావాలి. అక్కడ అర వోల్టు ఉందనుకోండి, సెన్సర్ ఆ అర వోల్టు మీద నిలబడి లెక్క చెబుతుంది, సిగ్నల్ కూడా దాంతోపాటే పైకి లేస్తుంది. కంప్యూటర్ దాన్ని ఎక్కువ ఒత్తిడి అనుకుంటుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సెన్సర్లు పెట్టినా లాభం లేదు.

ప్రశ్న వేసినవారు:
సార్, ఎర్త్ దగ్గర 0.6 వోల్టులు! వైరు కదిపితే అంకె మారుతోంది. కనెక్టర్‌కు జానెడు వెనక వైరు ఒక బ్రాకెట్‌కు రాసుకుని తోలు పోయింది. విప్పి చూస్తే లోపల రాగి పచ్చబడి ఉంది, రెండు మూడు పోగులే మిగిలాయి. ఆ ముక్క కోసి కొత్త వైరు సోల్డర్ చేయించి, స్లీవ్ వేయించాను. ఇప్పుడు 0.01 వోల్టు. మ్యానిఫోల్డ్ 100, బారోమెట్రిక్ 100. కోడ్ చెరిపి నాలుగు రోజులు ఎత్తుల మీదే తిప్పాను, లైటు రాలేదు.

జవాబు:
బాగుంది. సెన్సర్ ఓ-రింగు నలిగి ఉంటే అదొక్కటి మార్చండి. వైరును ఆ బ్రాకెట్‌కు దూరంగా జరిపి ట్యాగుతో కట్టేయండి, లేకపోతే కొత్త స్లీవ్ కూడా అక్కడే అరుగుతుంది.